ఆటల కోటా

వేలూరు,
ఆదివారం.

లోకేశ్వరి నాయనకు నాగవేణి నమస్కరించి రాయునది. తిరుపతిలో అత్తమ్మ కుశలం. నేనూ బాగున్నాను. ఉత్తరం వేలూరు నుంచి వచ్చిందేమని గాబరా పడకుండా చివరిదాకా చదవండి. మీ రోడ్డు పని క్యాంపుకు ఫోను కలవడం లేదు. రమ్మని మీ ఆఫీసు వాళ్లతో కబురు పంపాను. జరిగినదంతా ఇందులో రాస్తున్నాను. కొండల్లో మంచు మొదలైందన్నారు, చెవులకు గుడ్డ కట్టుకోండి.

అమ్మాయికి కబడ్డీ స్టేట్ టీములో చోటు దొరికిందా అని అడిగారు. నీట్‌లో తనకు వచ్చే మార్కులకు మామూలుగా సీటు రాదని, ఆటల కోటాలో అయితే మెడిసిన్ అందుతుందని మీరూ కోచ్ రవిచంద్ర సారూ అనుకున్నారు గదా. ఆ ఆశతోనే తను చీకటితో లేచి గ్రౌండుకు పోయేది. వచ్చి తల కూడా ఆరకముందే బయాలజీ పుస్తకం పట్టుకునేది.

శ్రీకాళహస్తి పోటీలో ఒక పిల్లను పట్టబోతే, ఆమె మోకాలు మన బిడ్డ కణతకు తగిలింది. కాసేపు లేవలేదట. సారు ముఖాన నీళ్లు చల్లి మళ్లీ ఆటలోకి దింపారట. ఇంటికొచ్చి వాంతి చేసుకుంది. ఎండదెబ్బ అనింది. ఆ తర్వాత వెలుతురు పడితే కళ్లు మూసుకునేది, చదివిన పేజీనే మళ్లీ చదివేది. గట్టిగా అడిగితే చెప్పింది. ఆస్పత్రికి పోతే టీములోంచి తీసేస్తారని, మీకూ రాయవద్దని ఒట్టు వేయించుకుంది. పోయిన ఉత్తరంలో అందుకే రాయలేదు.

చిత్తూరు సెలక్షన్లకు నేనూ వెంట పోయాను. ఎవరూ తగలకుండానే ఒక పక్కకు ఒరిగి పడింది. లేచి, ఎదుటి జట్టులోకి పోయి నిలబడింది. చూసేవాళ్లు నవ్వారు. నేను గీత దాటి లోపలికి పోయి చెయ్యి పట్టుకున్నాను.

“ఇంగ ఒక్క ఆట అమ్మా. సీటు కండ్ల ముందర ఉండాది,” అన్నారు సారు.

“ఉండనీండి సార్. నా బిడ్డ ఆడదు,” అన్నాను.

మీరు పెట్టుకున్న ఆశను నా చేత్తో నేనే తుంచేశాను. అది చెప్పడానికే ఇంతసేపూ తటపటాయించాను. బస్సులో అమ్మాయి నా మొహం చూడలేదు. “నన్ను డాక్టరు కానీకుండా చేసినావు,” అనింది, అంతే.

తిరుపతిలో స్కాన్ తీసి, తలలో నెత్తురు గడ్డ కట్టిందని చెప్పి ఇక్కడికి పంపారు. రేపు పొద్దున ఆపరేషను. తర్వాత ఎట్లా ఉంటుందని అడిగితే, ముందు ఇది కానివ్వండి అన్నారు డాక్టరమ్మ.

ఈ మధ్యాహ్నం నిద్ర లేచి నన్ను చూసి నవ్వింది. కోపం పోయిందని నాకు ప్రాణం లేచి వచ్చింది. దగ్గరికి పిలిచి, మెల్లగా అడిగింది: “అమ్మా, ఈడ ఎవురికి బాగలేదు? మనం ఎవుర్ని చూసేదానికి వచ్చినాము?”

దుప్పటి భుజాల దాకా కప్పి, మీకు ఈ ఉత్తరం రాయను కూర్చున్నాను.

ఇట్లు,
మీ రాక కోసం చూస్తూ,
లోకేశ్వరి అమ్మ