ప్లాస్టిక్ వద్దని నరికిన సరుగుడు చెట్టు

ఒరే దిలీప్,

యూనివర్సిటీ క్యాంపస్‌లో సరుగుడు చెట్టు తల నరికింది నువ్వూ, మీ చర్చి యూత్ కమిటీ పర్యావరణ వీరులూ! క్రిస్మస్‌కు ప్లాస్టిక్ చెట్టు కొంటే భూమి పాడవుతుందని, బతికున్న చెట్టును కోసి తార్నాక దాకా మోసుకొచ్చారు. పైగా దాని మెడలో ‘చెట్లను కాపాడండి’ అని అట్టముక్క కట్టారు. ఏం బుర్రలురా మీవి!

లేవగానే పప్పు వేడి చేసుకుని తిను. ఆ చెట్టును నిలబెట్టిన బకెట్ ఖాళీ చెయ్యి, నాకు బట్టలు నానబెట్టుకోవాలి. నీళ్లు పోసి బతికించాలని చూడకు, వేర్లు క్యాంపస్‌లోనే ఉన్నాయి.

పొద్దున పాలకు వెళ్తే క్యాంపస్ వాచ్‌మన్ రాజలింగం మామ కలిశాడు. “బిడ్డా, నా డ్యూటీల చెట్టు పోయిందని రేపటి సంది రావద్దన్నరు. ఈ వయసుల నాకు ఇంకెవలు పని ఇస్తరు?” అన్నాడు. నరికింది ఎవరో ఆయనకు తెలుసు. “పండుగ పూట పిల్లల పేర్లు చెప్పుడు ఎందుకని ఊకున్న” అన్నాడు. నువ్వేమో రాత్రి ఆ చెట్టు పక్కనే కూర్చుని, పొరుగువాడిని ప్రేమించమని ప్రసంగం రాసుకున్నావు.

మామను పనిలోంచి తీసెయ్యొద్దని నేను క్యాంపస్ ఆఫీసుకు గొడవకే వెళ్తున్నా. కానీ నేనెంత అరిచినా చెట్టు నరికిన చేయి నాది కాదు కదా.

రజిని అక్క

చలిగా ఉంది, నా స్వెట్టర్ వేసుకో. మీ కమిటీని మొత్తం లేపు. మధ్యాహ్నం లోపు అందరూ ఆఫీసుకు వచ్చి, మామ ముందర నిలబడి, నరికింది మేమేనని నోరు తెరిచి చెప్పండి.