మధ్యాహ్నం రెండింటికి పోయే లైను

నార్కట్‌పల్లి,
28-4-1997.

కోస్గి కుట్టుమిషన్ల మహారాణి, తల్లి తర్వాత తల్లి అయిన గోపమ్మక్కకు, తమ్ముడు కిష్టయ్య రెండు చేతులూ జోడించి రాయునది.

ఈ ఉత్తరం చదువుతూ నువ్వు ఎవరి జాకెట్టుకైనా ఒక చెయ్యి పొట్టిగా కుట్టినా, పొయ్యి మీద అన్నం మాడ్చినా, బావ పిలిస్తే పలకకపోయినా ఆ పాపమంతా నాదే. ముందుగానే నీ పాదాల మీద పడి క్షమాపణ కోరుతున్నాను. ఇంతటి నేరస్థుడు జిల్లాలో మరొకడు లేడు. ఇక్కడ నేను క్షేమం. మా లారీ ఆఫీసులోని ఆరు కంప్యూటర్లు శనివారం నుంచి క్షేమం. మీరిద్దరూ బాగున్నారని తలుస్తాను.

నీ ప్రశ్నలకు జవాబులు. తింటున్నాను. హోటల్లో పప్పు రోజురోజుకూ పలచబడుతోంది, నేను మాత్రం పలచబడలేదు. పెళ్లి సంగతి ఎండలు తగ్గాక మాట్లాడదాం. నారాయణపేట చీర ముక్కతో కుట్టి పంపిన కంప్యూటర్ ముసుగు సరిపోయిందా అని అడిగావు. గాలి కూడా దూరనంతగా సరిపోయింది. ఆ కథే చెప్పబోతున్నాను.

మా ఆఫీసులో పెద్ద సర్వరు ఒకటి, గోడ పక్కన బ్యాకప్ సర్వరు ఒకటి. పెద్దది చెడిపోయినా పని ఆగకూడదని, దానిలోని బిల్టీలను, అంటే లారీ సరుకు చీటీలను, రోజూ ఒంటిగంటకు రెండోదానిలోకి నకలు చేస్తాం. దాని ముందు ఎవరూ కూర్చోరు కాబట్టి నీ ముసుగు దానికే తొడిగాను. ఎర్రంచుతో పెళ్లికూతురిలా ఉండేది. మా అక్క కుట్టింది, ఎవరూ ముట్టుకోవద్దని ఆఫీసంతా చాటింపు కూడా వేశాను.

ఆ వారం నుంచే రెండు కొట్టగానే అన్ని కంప్యూటర్లూ బిగుసుకుపోవడం మొదలైంది. బిల్టీ రాదు, లారీ కదలదు. డ్రైవర్ ఇస్రాయేలు కిటికీలో తల పెట్టి, "ఏం సారూ, మీ డబ్బలకు దినాం గీ యాల్లకే నిద్రొస్తదా?" అనేవాడు. నేను కంప్యూటర్లన్నిటినీ కలిపే వైరు మార్చాను, అతుకులన్నీ విప్పి బిగించాను, డిప్లొమా పుస్తకం కూడా తిరగేశాను. నాలుగింటికి ఆ లైను దానంతటదే వచ్చేది.

సరిగ్గా రెండింటికే మా అటెండరు యాకూబ్ చాచా చాయ్ కెటిల్‌తో ఆ గోడ పక్క నుంచి వస్తాడు. కింద ఆ వైరే ఉంటుంది. మేనేజరు రామచంద్రం సార్ తీర్పు చెప్పేశాడు. "చాయ్ వస్తది, లైను పోతది. ఇంకేం సాక్ష్యం గావాలె?"

"నేను తొక్కలే సారూ," అన్నాడు చాచా. నా వైపు తిరిగి, "బేటా, గా ముసుగు డబ్బ కాలుతాంది. జర చెయ్యి వెట్టి చూడు," అన్నాడు. సార్ వినలేదు. గురువారం పొద్దున ఇక పనికి రావద్దన్నాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషికి ఈ ఊళ్లో ఇంకో పని ఎవరిస్తారు?

శనివారం మధ్యాహ్నం సార్‌ను ఆ గోడ దగ్గరికి పిలిచి ముసుగు తొడిగి చూపించాను. రెండింటికి లైను పోయింది. లాగేశాక కాసేపటికి వచ్చింది. ముసుగులో గాలాడక, ఒంటిగంటకు మొదలైన నకలుతో రెండింటికల్లా లోపలి కార్డు వేడెక్కి, చల్లారేదాకా ఆగకుండా వాగుతుందక్కా. అందరికీ ఉన్నది ఒకే వైరు, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుకోవాలి. ఇది, పెళ్లిలో మైకు దొరికిన మన పెద్దమామలాగా, ఎవరికీ వంతు ఇవ్వదు.

సార్ స్వయంగా స్కూటర్ మీద వెళ్లి చాచాను తీసుకొచ్చాడు. చాచా ముసుగును అటూ ఇటూ తిప్పి చూసి, "కుట్టు మంచిగున్నది బేటా. వేడి పోనిస్తలేదంటివి గద, నా కెటిల్‌కు తొడుగుత," అన్నాడు. నీ ముసుగుకు ఇప్పుడు తగిన ఉద్యోగమే దొరికింది.

ఇక్కడితో ముగిస్తే నువ్వు శభాష్ అంటావు. కానీ సంగతి నాకు తెలిసింది శనివారం కాదు, గురువారమే. చాచా వెళ్లిపోయిన ఆ రోజే, ఒంటిగంట దాటాక ఆయన మాట గుర్తొచ్చి చెయ్యి పెట్టి చూశాను, కాలింది. ముసుగు తీసి సంచిలో కుక్కాను. ఆ రోజు రెండింటికి లైను పోలేదు. సార్ గడియారం చూసి నవ్వాడు. "చూస్తివా కిష్టయ్యా? ముసలాయన పోయిండు, లైను నిలవడ్డది. ఆయన పనే గద?"

అక్క కుట్టిన గుడ్డతో కంప్యూటర్‌కు ఊపిరాడకుండా చేశాడని అందరూ నవ్వుతారని భయపడ్డాను. శుక్రవారమంతా అట్లాగే గడిచింది. శనివారం పొద్దున చాచా భార్య షంషున్నీసా గేటు దగ్గరికి వచ్చి, "వైరు మీద ఆయన కాలు వెట్టిన జాగా జర నాకు సూపియ్యి బేటా," అని అడిగింది. చూపించడానికి నా దగ్గర ఏ జాగా లేదు.

పైన అడిగిన క్షమాపణలన్నీ ఉత్తవి అక్కా. నేను నిజంగా చేసింది ఒక్కటే. గురువారం సార్ అట్లా అడిగినప్పుడు, ముసుగున్న సంచి కాళ్ల దగ్గర పెట్టుకొని, "అవును సార్" అన్నాను.

ఇట్లు,
ఈ మాట చాచాకు ఇంకా చెప్పని
నీ తమ్ముడు,
కిష్టయ్య