రెక్క కుట్టినవాళ్లే ముందు ఎక్కాలి

చిరంజీవి చిన్నబాబుకు అమ్మ దీవించి రాస్తున్నది. మీ నాన్న మోకాలు తప్ప ఇక్కడ అందరం క్షేమం. నీ ఒంట్లో ఎలా ఉందో రాయలేదు కానీ, మనసులో ఎలా ఉందో ఉత్తరం నిండా కనిపించింది.

ముందు నువ్వడిగినదానికి జవాబు. అవును, మీ స్క్వాడ్రన్‌లో రెక్క బాగుచేసినవాళ్లే మొదటి పరీక్షకు పైలట్ వెనక కూర్చోవాలన్న ఆనవాయితీ నాతోనే మొదలైంది. ఇప్పుడు నీ వంతు వచ్చిందనీ, తలుచుకుంటేనే భయమేస్తోందనీ రాశావు. మీ కమాండర్ నాకు తెలిసినవాడే కాబట్టి, నిన్ను స్టోర్సుకు మార్చమని ఒక మాట రాయమన్నావు. అంతవరకు బాగానే ఉంది. అలాంటి అమ్మ కడుపున ఇలాంటివాణ్ణి ఎలా పుట్టానో అన్నావు చూడు, అది చదివి నాకు అన్నం సహించలేదు.

అసలు మీ స్క్వాడ్రన్ పుట్టినప్పుడు ఏముందనుకున్నావు? మూడు విమానాలు, ఒక గుర్రాల కొట్టం. గుర్రాలను ఖాళీ చేయించారు గానీ వాసనను చేయించలేకపోయారు. మీవి రేకు విమానాలు. మావి కర్రా, గుడ్డా. కర్ర చట్రం మీద గుడ్డ బిగించి మేం నలుగురు ఆడవాళ్లం కుట్టేవాళ్లం. దాని మీద జిగురు పూత ఆరాక వేలితో కొడితే డప్పులా మోగాలి. మోగలేదా, విప్పి మళ్లీ కుట్టడమే. వేళ్లు పుళ్లు పడేవి. అయినా మేం కుట్టిన రెక్క పైకి లేస్తుంటే మెడలు నొప్పిపుట్టేదాకా చూసేవాళ్లం. ఆ గర్వం నాకు ఇప్పటికీ తగ్గలేదురా.

ఒకసారి గాలివానకు ఒక రెక్క నిలువునా చిరిగింది. పెద్ద అధికారులు తనిఖీకి వస్తున్నారు. మూడూ ఎగరకపోతే స్క్వాడ్రన్ ఎత్తేసి, ఉన్నవాళ్లను తలోచోటికీ పంపేస్తారట. తిండీ నిద్రా మానుకుని కుట్టాం. తీరా చూస్తే, అందరూ పుల్ల అని పిలిచే బక్కపలచని పైలట్ ఒకడు రెక్క తడిమి చూసి, ఈ కుట్టు దిండు గలీబుకైతే సరిపోతుంది అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"నా కుట్టు మీద నాకు నమ్మకముంది. నేను వెనక కూర్చుంటాను, మీకు ధైర్యముంటే నడపండి" అన్నాను.

విమానం లేచింది, స్క్వాడ్రన్ నిలిచింది. ఆనవాయితీ అలా పుట్టింది. ఆ పుల్లే మీ నాన్నని నీకు తెలుసు.

తెలియనిది ఒకటుంది. మీ భోజనశాల గోడ మీద, విమానంలోంచి నేను చెయ్యెత్తిన ఫొటో ఉంది కదా. కిందనున్నవాళ్లకు నేను దర్జాగా చెయ్యి ఊపానని అందరూ చెప్పుకుంటారు. ఊపడమూ లేదు, నా మొహమూ లేదు. దించమని మీ నాన్న వీపు బాదుతున్నాను. కళ్లు తెరిస్తే ఒట్టు. దిగాక కొట్టం వెనక్కి పోయి కక్కుకున్నాను. మీ నాన్న ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు పక్కనే కూర్చుని, వీపు ఇంకా సలుపుతోందని రాయమంటున్నారు.

అయినా తర్వాతి రెక్క కుట్టినప్పుడు మళ్లీ ఎక్కాను. ఆ తర్వాతా ఎక్కాను. భయం ఒక్కసారి కూడా తగ్గలేదు. నువ్వు అచ్చం ఈ అమ్మ కడుపున పుట్టినవాడివే.

నువ్వడిగిన ఉత్తరం కమాండర్‌కు రాసి ఇందులోనే పెట్టాను. ఇవ్వడమా మానడమా నీ ఇష్టం. ఇచ్చినా నాకు నువ్వంటే ఉన్న గర్వం గోరంత కూడా తగ్గదు. ఇవ్వకుండా ఎక్కేటట్టయితే మాత్రం, పైకి వెళ్లాక గొంతు చించుకుని అరిచెయ్యి. ఇంజిను మోతలో ఎవరికీ వినపడదు. నేను అరిచాను.

ఇట్లు,
నీకంటే ఎక్కువ భయపడ్డ
మీ అమ్మ