చక్కెర ఎక్కువైన ఫ్లాస్కు

ఎక్‌హోల్మెన్ దీవి, స్వీడన్
సెప్టెంబర్ చివర

ప్రియమైన వదినా,

ఫోన్ చేద్దామంటే అటు అన్నయ్య, ఇటు మా ఆయన చెవులు రిక్కించుకుని కూర్చుంటారు. అందుకే మళ్ళీ కాగితం.

మా రక్షణ పడవను పట్నానికి తరలిస్తారట. నడపడానికి ఐదుగురుండాలి, ముగ్గురే మిగిలారు. నవంబరులో అధికారి వచ్చేసరికి మనుషులు లేకపోతే అంతే. ఉత్తరపు గాలికి మీ పడవ, నైరుతి గాలికి మా పడవ వెళ్ళడం తాతల నాటి ఒప్పందం. నైరుతి గాలిలో మీ రేవు దాటడం ఎవరి తరమూ కాదు. మాది పోతే ఆ రోజుల్లో రెండు దీవులకూ దిక్కుండదు.

మీ నార్వే వాళ్ళు చేరినా ఫరవాలేదన్నారు. అన్నయ్య కదిలితే మీ దీవిలో ఇంకొకరైనా కదులుతారు. మా ఆయన చచ్చినా అడగడు. నువ్వే చెప్పి చూడు.

నీ ఆడపడుచు,
సిగ్రున్

హెస్టోయా దీవి, నార్వే
అక్టోబర్ చివర

ప్రియమైన సిగ్రున్,

నీ ఉత్తరం అందిన రోజే చెప్పాను. మీ అన్నయ్య చెంచా పక్కనపెట్టి, "నన్ను దొంగ అని తిట్టిన నోటితోనే బావను వచ్చి పిలవమను, అప్పుడు చూద్దాం" అన్నాడు.

రెండేళ్ళయినా ఆ మాట మరవలేదు. నన్నడిగితే తప్పు ఇద్దరిదీ. లాబ్‌స్టర్ల, అదే పెద్ద సముద్రపు రొయ్యల, వేట మీకు ముందు మొదలవుతుంది, మాకు తర్వాత. మీ ఆయన ఎవర్ట్ వాటిని పట్టే బుట్టలు సరిహద్దు దాటి మా నీళ్ళలోకొస్తే ఈయన పైకి లాగేశాడు. లాగినవాడు తిరిగిచ్చాడా? కట్టెల గదిలో పెట్టి తాళం వేశాడు.

ఈమధ్య ఇంకో వింత. ప్రతి మంగళవారం చేపలకని పోయి, నడుం దాకా తడిసి, ఉత్తచేతులతో వస్తాడు. అడిగితే చేపలు తెలివిమీరాయంటాడు.

ప్రేమతో,
తూర్దిస్

ఎక్‌హోల్మెన్
నవంబర్ మొదట

వదినా,

నేను ఆశ వదిలేసుకున్నాను. ఒక్కసారి క్షమించమని అడిగితే నీ సొమ్మేం పోతుందన్నాను. మా ఆయన బూట్లు తొడుక్కుని బయటికి పోయాడు. ఈయనకూ మంగళవారం పిచ్చి పట్టింది. రెండు ఫ్లాస్కుల కాఫీ కావాలి, ఒకదాంట్లో చక్కెర పాకంలా వెయ్యాలి. చక్కెర ముట్టని మనిషని నీకు తెలుసుగా.

నా పుట్టిల్లు కిటికీలోంచి కనిపిస్తూనే ఉంటుంది. అటు వెళ్ళొచ్చిన రోజు ఇక్కడ మాటలుండవని వెళ్ళడమే మానేశాను. ఈ పడవ కూడా పోతే మన మధ్య నీళ్ళే మిగులుతాయి. నాకు చాలా దిగులుగా ఉంది.

నీ సిగ్రున్

హెస్టోయా
నవంబర్ చివర

నా బంగారు సిగ్రున్,

మీ ఆయన ఎంతవరకు చెప్పాడో గాని, నేను విన్నది రాస్తున్నాను.

మొన్నటి మంగళవారం గాలి నైరుతికి తిరిగేసరికి మీ అన్నయ్య ఇంటికి రాలేదు. మునిగిపోయాడనే అనుకుని కిటికీ దగ్గర ఏడుస్తూ కూర్చున్నాను. గాలి తగ్గాక మీ రక్షణ పడవలోంచి దిగాడు, దొరలాగా.

ఎప్పుడో అక్టోబరులోనే మీ ఎవర్ట్ సరిహద్దు దాకా వచ్చి, మాటా పలుకూ లేకుండా మీ అన్నయ్యకు ఒక ఫ్లాస్కు చక్కెర కాఫీ అందించి పోయాడట. దాన్నే క్షమాపణ కింద జమకట్టుకుని, మా పోస్టుమాస్టరమ్మను కూడా వెంటబెట్టుకుని ఈయన మీ రక్షణ పడవెక్కాడు. అప్పట్నుంచీ ఒకే పడవలో సాధన, అంతా చేతి సైగలతోనే. మనకు చెబితే నవ్వుతామట!

ఆ రోజు పడవ రాళ్ళకు తగులుకున్న డెన్మార్క్ దంపతులకు తాడు విసురుతూ మీ ఆయన జారాడు. మీ అన్నయ్య కాలరు పట్టి లాగి, "కూర్చో బావా, పడతావు" అన్నాడట. రెండేళ్ళ తర్వాత మొదటి మాట. మీ ఆయన ఊపిరి తీసుకుని, "నా బుట్టలేవీ?" అన్నాడట.

మీ అన్నయ్య ఇంటికొచ్చి నా చేతిలో కట్టెల గది తాళంచెవి పెట్టాడు. బుట్టలన్నీ ఉన్నాయి, కొత్త వల అల్లి. లాగినప్పుడు చిరిగాయట. చిరిగినవి ఇవ్వడం నామోషీ అనిపించి బాగుచేశాడు. బాగుచేశాక ఏ మొహంతో ఇవ్వాలో తెలియలేదు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అధికారి ఐదుగురినీ చూసి వెళ్ళాడు, పడవ ఉంటుంది. కానీ నన్ను బాధపెట్టింది ఒకటే. అన్న కాఫీలో ఎంత చక్కెర వేసుకుంటాడో చెల్లెలు మరిచిపోయిందే!

ఆదివారం బుట్టలతో వస్తున్నాం. ఈసారి ఎవరికని తెలిసే కలుపు.

నీ వదిన,
తూర్దిస్