సంపూర్ణమ్మ పోసిన చెంబుడు నీళ్ళు

ప్రియమైన ప్రణతీ,

ఫోనులో నువ్వు సగం చెప్పి సగం మింగేస్తావు. అందుకే ఈ ఉత్తరం. గోదావరి గట్టు మీది ఊళ్ళో ఆడవాళ్ళకు చెరువు నీళ్ళు శుద్ధి చేసి దాచుకోవడం నేర్పుతున్నావు, సరే. నేర్చుకున్న ఇళ్ళలోనే పిల్లలకు విరేచనాలు ఎందుకవుతున్నాయి? మీ సంస్థవాళ్ళు ఇచ్చిన క్లోరిన్ చుక్కల మందు అసలు మంచిదేనా? సీసా మీద తేదీ చూశావా? ఊరికే వచ్చిన వస్తువును నేను నమ్మను. నిన్నయినా రుజువు చూపిస్తేనే నమ్ముతాను.

నీ అమ్మమ్మ,
అలివేలుమంగ


ప్రియమైన అమ్మమ్మ గారికి,

మందు మంచిదేనండి, తేదీ కూడా చూశాను. నా అనుమానమంతా సంపూర్ణమ్మ మీద. ఆవిడ ఇంట్లోనే క్లాసు పెడతాను. ముందు వరుసలో కూర్చుని అన్నిటికీ తల ఊపుతుంది. నేను లేవగానే తక్కినవాళ్ళను పెరట్లోకి పిలుస్తుంది. ఏంటండీ అంటే, "ఆడాళ్ళ మాటలమ్మా, పెళ్ళి కాని పిల్లవి, నీకెందుకు!" అని నవ్వేసింది. చుక్కలు వేయొద్దని చెబుతోందేమో. ఆవిడ మనవరాలు పావనినే నిన్న ఆసుపత్రిలో చేర్చారు. ఇంకొక్క పిల్లకు జబ్బు చేస్తే క్లాసులు ఆపేస్తామన్నారు పంచాయతీవాళ్ళు. రేపు రాజమండ్రి వెళ్ళి, ఆవిణ్ణి క్లాసులోంచి తీసేయమని మా పైవాళ్ళకు రాసిస్తాను.

మీ
ప్రణతి


ప్రియమైన ప్రణతీ,

నీ ఉత్తరం రాత్రే అందింది; నువ్వు అటు రాజమండ్రి వెళ్ళగానే నేను ఆ ఊరు వెళ్ళాను. ముందు సంపూర్ణమ్మ ఇంట్లో సీసా అడిగి చూశాను. వాడవలసినంత మందూ తరిగింది. అయినా నమ్మకం కుదరక వంటింట్లోనే కూర్చున్నాను. సంపూర్ణమ్మ బిందెలో చుక్కలు వేసింది, మూత పెట్టింది, నువ్వు చెప్పినంతసేపూ ఆగింది. తర్వాత మూత తీసి, రేవులోంచి తెచ్చిన గోదారి నీళ్ళు చెంబుడు పోసింది.

"ఇదేంటమ్మా?"

"మందు కంపు కొట్టే నీళ్ళు దేవుడికెలా పెడతామండీ? గోదారమ్మ కలిస్తేనే గదా మంచినీళ్ళు! మీ అమ్మాయికి చెబితే చిన్నబుచ్చుకుంటుందని, మాలో మేమే అనుకున్నామండి."

పెరట్లో అందరికీ చెప్పింది ఇదే. చివర కలిపిన పచ్చి నీళ్ళే పావనిని మంచాన పడేశాయని చెప్పాను. ఆవిడ చెంబు కింద పెట్టేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గోదారమ్మను వద్దనడం లేదు. ఆ నీళ్ళు ముందే పోసెయ్యి, చుక్కలు ఆ తర్వాత వెయ్యి," అన్నాను.

"ఇంతేనాండి? ఈ ముక్క ఆ అమ్మాయి మొదట్లోనే చెప్పొచ్చుగా!"

ఆవిడ అప్పుడే బయలుదేరి ఇంటింటికీ తిరిగి, తన మాట తనే దిద్దుకుంటోంది.

ఈ ఉత్తరం మన కారు డ్రైవరు చేత పంపుతున్నాను. ఆవిడ మీద రాసింది ఇచ్చేసి ఉంటే, వెనక్కి తీసుకున్నాకే ఈ కారెక్కు. పావని తేరుకుంది.

ఆశీస్సులతో,
అమ్మమ్మ