నలభై ఒకటో ముద్ర

కెటిల్ క్రీక్, పెన్సిల్వేనియా
1966 అక్టోబరు 9, ఆదివారం

ప్రియమైన మెర్ల్‌కి,

నీ ఉత్తరం గురువారం అందింది. ఆరో తరగతితో బడి మానేసినదాన్ని, రాయడం నాకు అంతంత మాత్రమే. అయినా మాట్లాడటం కంటే ఇదే నయం. కాగితం నా ముఖంలోకి చూడదు.

ఇక్కడ పెద్ద కబురు ఒకటుంది. మామయ్య కొత్త రైఫిల్ కొన్నారు! మీ ఫ్యాక్టరీ థార్న్‌లీయే, ఇంకేం కొంటారు. ముప్పై ఎనిమిదేళ్ల పాతదానికి గొట్టం లోపల అరిగిపోయిందట. నిన్న పొద్దున్న తొమ్మిదింటికి క్లీట్ తుపాకుల కొట్టుకు వెళ్లిన మనిషి సాయంత్రం నాలుగింటికి వచ్చారు.

"ఒక్క తుపాకీకి ఇంతసేపా మామయ్యా?" అన్నాను.

"నీ పెళ్లి గౌనుకి రెండు రోజులు పట్టిందట. నేనేమన్నా అన్నానా?" అన్నారు.

దాన్ని భోజనాల బల్ల మీద పెట్టారు. సూప్ గిన్నె ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడ్డాను. అంతలో పక్కింటి హేఫర్ వచ్చాడు. ఆయనకి గ్రాంజర్ కంపెనీ రైఫిలే గొప్ప కదా, ఊరుకుంటాడా?

"ఇప్పటికైనా బుద్ధి తెచ్చుకుని గ్రాంజర్ కొంటావనుకున్నానోయ్ ఓరిన్."

"నేను గ్రాంజర్ పట్టుకున్న రోజు నన్ను దాంతోనే పాతెయ్యండి."

"పాతితే మంచిదే. గ్రాంజర్‌కి మట్టిలో కూడా తుప్పు పట్టదు."

ఎప్పటిలాగే వంటగది తలుపు వెనక నిలబడి, నోటికి ఏప్రన్ అడ్డం పెట్టుకుని నవ్వాను.

ఒక చిన్న బాధ కూడా ఉంది. ఏప్రిల్లో నీకు తనిఖీ ముద్ర ఇచ్చినప్పుడు ఉత్తరం మూల మీద దాన్ని సిరాతో గుద్ది పంపావు చూడు, గుండ్రం మధ్యలో 41 అని. ఆ మూలను ఎలుక కొరికేసింది. సరిగ్గా ఆ ముక్కే. సొరుగులో బోను పెట్టాను.

చలి మొదలైంది. ఉన్ని మేజోళ్లు వేసుకో.

నీ
వెర్నా

*

అక్టోబరు 16

నా వెర్నాకి,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని రోజంతా పని చేశాను. నాన్న చేతిలో మా ఫ్యాక్టరీ తుపాకీ! చిన్నప్పుడు ఆయన పాత థార్న్‌లీ చెక్క మీద బుగ్గ ఆనించి నిద్రపోయేవాణ్ణట. ఇప్పుడు వాటిని చూసి పంపేవాణ్ణి నేను. పక్క బల్లలవాళ్లు వినాలని, మా నాన్న కొన్నాడని రెండుసార్లు గట్టిగానే చెప్పాను.

ఇక్కడా ఒక కబురుంది. జనవరి నుంచి నన్ను తనిఖీవాళ్లందరి మీద పెద్దను చేస్తారట. నది పక్కన ఇల్లు కూడా ఇస్తారట, ముందు వరండా ఉన్నది. అప్పుడు నువ్వు వచ్చేయొచ్చు. పక్కింటివాళ్లతో మాట్లాడక్కర్లేదు, కర్టెన్లు వేసుకుందాం.

కొత్తది ఎలా పేలుతోంది? నాన్న ఏమంటున్నాడు? అన్నీ రాయి.

ఎలుకకి జున్ను పెట్టు, పని చేస్తుంది.

నీవాడు
మెర్ల్

*

నవంబరు 6

ప్రియమైన మెర్ల్‌కి,

అన్నీ రాయమన్నావు, రాస్తున్నాను. కోప్పడకు.

మొదటి రోజు కొండ కింద డబ్బాకి గురిపెడితే, తూటా రెండు అడుగులు ఎడమకి పోయింది. "గాలి" అన్నారు మామయ్య. దండెం మీది బట్టలు ఒక్కటీ కదలడం లేదు.

రెండో రోజు పేల్చాక లీవరు లాగితే, ఖాళీ తూటా బయటికి ఎగిరిపడకుండా లోపలే ఇరుక్కుంది. నా జడపిన్నుతో లాగాం. "తూటాలు తేమెక్కాయి" అన్నారు. మూడో రోజు చెక్కని ఇనుముకి బిగించే స్క్రూ ఊడి మంచులో పడింది. "నువ్వు వండే సూప్ ఆవిరికి చెక్క ఉబ్బిందమ్మాయ్" అన్నారు! చెక్కకీ ఇనుముకీ మధ్య సందులో మేకు పడుతుంది మెర్ల్, దూర్చి చూశాను. గొట్టం చివర గురి చూసే మొన కూడా నిటారుగా లేదు. చర్చిలో నిద్రపోయేవాడి తలలా ఒక పక్కకి ఒరిగి ఉంది.

కంచె అవతల నుంచి హేఫర్ "ఏం ఓరిన్, నీ థార్న్‌లీ ఎలా ఉంది?" అని అరుస్తాడు. "బ్రహ్మాండం!" అని మామయ్య అరుస్తారు. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాదు. వేట సీజను మూడు వారాల్లో మొదలవుతుంది. ముప్పై ఎనిమిదేళ్లలో గురి తప్పి మీ నాన్న చొక్కా కొస గుడిసె గోడకెక్కడం ఒక్కసారీ జరగలేదని ఊరంతా చెప్పుకుంటుంది.

అక్కడి నుంచి వచ్చే ముందు వీటిని ఎవరూ చూడరా? నిన్ను కాదు, ఊరికే అడుగుతున్నాను.

ఎలుక జున్ను ముట్టలేదు.

నీ
వెర్నా

*

నవంబరు 13

నా వెర్నాకి,

ఇక్కడ వాన. పని ఎక్కువగా ఉంది. కొత్త తుపాకీలు మొదట్లో కొంచెం బిగుసుగానే ఉంటాయి, వాడగా వాడగా సర్దుకుంటాయని నాన్నతో చెప్పు.

మేజోళ్లు వేసుకుంటున్నాను.

మెర్ల్

*

డిసెంబరు 1, గురువారం

ప్రియమైన మెర్ల్‌కి,

నీ చిన్న ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేదు. చాలాసార్లు చదివాను, చదవడానికి అందులో ఏమీ లేకపోయినా.

సోమవారం సీజను మొదలైంది. వేట గుడిసెలో తొమ్మిదిమందికి వంట నాదే. పదకొండు గంటలకి మామయ్య, హేఫర్ తిరిగి వచ్చారు. హేఫర్ ముఖం చూసి ఎవరికో దెబ్బ తగిలిందనుకున్నాను.

జరిగింది ఇది. ఎనిమిది కొమ్మల కొమ్ములున్న మగజింక నలభై అంగల దూరంలో నిలబడిందట. మామయ్య పేలిస్తే తూటా పక్కనున్న చెట్టుకి తగిలింది. రెండోసారికి లీవరు లాగితే ఖాళీ తూటా ఇరుక్కుంది. జింక ఆయన్ని కాసేపు చూసి, నడుచుకుంటూ పోయిందట. పరుగెత్తను కూడా లేదట.

మన గుడిసె పద్ధతి నీకు తెలుసు. గురి తప్పినవాడి చొక్కా వెనక కొస కత్తిరించి, పేరు రాసి గోడకి మేకు కొట్టాలి. కానీ తుపాకీ మొరాయిస్తే మాత్రం, అందరి ముందూ నిలబడి "తప్పు తుపాకీది" అంటే చాలు, చొక్కా వదిలేస్తారు. హేఫర్ స్వయంగా అన్నాడు, "అదొక్క మాట చెప్పెయ్ ఓరిన్. ఇరుక్కోవడం నేను చూశా. మేం నవ్వం."

మామయ్య కోటు విప్పి వెనక్కి తిరిగి నిలబడ్డారు. "తుపాకీకేం, నిక్షేపంలా ఉంది. నా కళ్లే మసకబారాయి. కత్తిరించండి" అన్నారు.

ఎవరూ కత్తెర పట్టుకోలేదు. చివరికి ఆయనే వెనక్కి చెయ్యి పెట్టి కత్తిరించుకున్నారు, వంకరగా. పేరు కూడా ఆయనే రాసుకున్నారు. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను కాబట్టి సరిపోయింది.

ఒక కంపెనీ పేరు మీద మనిషికి ఇంత పిచ్చి ఉంటుందా అని మంగళవారం దాకా అనుకున్నాను. మంగళవారం తుపాకీ తడిసిందని, తుడవడానికి చెక్క విప్పాను. గొట్టం అడుగున చిన్న గుండ్రం ఉంది. మధ్యలో 41.

నూనె గుడ్డతో తుడిచి, చెక్క మళ్లీ బిగించేశాను. మామయ్యతో ఏమీ అనలేదు. నీతో కూడా ఏమనాలో తెలియక ఈ ఒక్క మాటా రాసి ఆపుతున్నాను.

నీ
వెర్నా

*

డిసెంబరు 6

నా వెర్నాకి,

నువ్వు ఒక్కమాటా అనకపోవడమే నాకు ఎక్కువ తగిలింది.

మొన్న వసంతంలో చేరినప్పుడు నా బల్ల మీదకి రోజుకి అరవై తుపాకీలు వచ్చేవి. ప్రతిదాన్నీ విప్పి, లీవరు ఆడించి, గురి చూసి ముద్ర వేసేవాణ్ణి. వేసవి నుంచి రెండొందల నలభై వస్తున్నాయి. పదింటిలో ఒకటి చూడు, మిగతా తొమ్మిదింటికీ గుద్దేయ్ అన్నారు. మొదటి వారం ఎవరూ చూడనప్పుడు ఇంకో నాలుగైదు విప్పి చూసేవాణ్ణి. రెండో వారానికి అదీ మానేశాను. నది పక్క ఇల్లు, వరండా, నువ్వు, అవే తలుచుకుంటూ గుద్దాను. నాన్నది ఆ తొమ్మిదింటిలో ఒకటి.

నిన్న ముద్ర తీసుకెళ్లి సూపరింటెండెంట్ బల్ల మీద పెట్టేశాను. ఆయన కోప్పడలేదు. "చూడు స్టాఫర్, కొనేవాళ్లు పేరు చూసి కొంటారు, స్క్రూలు చూసి కాదు" అన్నాడు.

"మా నాన్న కూడా అలాగే కొన్నాడు సార్" అన్నాను.

పెద్ద ఉద్యోగం పోయింది, ఇల్లూ పోయింది. ఈ నెల ఇరవై దాకా పెట్టెలకి మేకులు కొట్టే పని. తర్వాత పక్క ఊళ్లో టైపు మిషన్ల ఫ్యాక్టరీలో అడుగుతాను. ఇంటికి రావాలనే ఉంది. కానీ నా తప్పుకి తన చొక్కా తానే కత్తిరించుకున్న మనిషి ఎదురుగా ఏ ముఖంతో కూర్చోను? ఆ తుపాకీ నాదని నాన్నకి చెప్పకు. బతిమాలుతున్నాను. థార్న్‌లీనే తిట్టుకోనీ, నన్ను కాదు.

నీవాడు
మెర్ల్

*

డిసెంబరు 11, ఆదివారం

ప్రియమైన మెర్ల్‌కి,

చెప్పేశాను.

పెళ్లయ్యాక నీ మాట కాదనడం ఇదే మొదటిసారి. నీ ఉత్తరం గురువారం వచ్చింది. మామయ్య నేను కాల్చిన ఆపిల్ పై తింటుంటే ఎదురుగా కూర్చుని మొత్తం పైకి చదివాను. "మా నాన్న కూడా అలాగే కొన్నాడు సార్" అన్న చోట కాగితం ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

ఆయన చేతిలో ముక్క పూర్తిగా తిన్నారు. తర్వాత టోపీ తీసి, దాని పట్టీ లోపలి నుంచి చిన్న కాగితం ముక్క తీసి బల్ల మీద పెట్టారు. నీ ఉత్తరం మూల, మెర్ల్. సిరా గుండ్రం, 41.

"ఆ ఎలుకని నేనే. వాడి ఉత్తరాలు మళ్లీ చూద్దామని సొరుగు తీసి, బోనులో వేలు పెట్టి దెబ్బ కూడా తిన్నాను" అన్నారు.

ఆ రోజు కొట్లో ఏడు గంటలు ఎందుకు పట్టిందో అప్పుడు తెలిసింది. క్లీట్ దగ్గరున్న థార్న్‌లీలన్నిటికీ వరసగా చెక్క విప్పించారట. క్లీట్ బూతులు తిడుతూ విప్పాడట. తొమ్మిదోదాంట్లో నీ నంబరు కనిపించింది. "ఓరిన్, మొదటిది దీనికంటే నున్నగా ఆడుతోందయ్యా, అది తీసుకో" అని క్లీట్ చెప్పాడట. "ఇదే కట్టు" అన్నారట.

"లీవరు లాగగానే బాగాలేదని మీకు తెలియలేదా?" అని అడిగాను.

"తెలియకేం? ముప్పై ఎనిమిదేళ్లు ఏం పీకుతున్నాననుకున్నావ్?"

"మరి ఎందుకు కొన్నారు?"

"వేరేవాడి చేతికి పోతే, మంచులో నిలబడి నా కొడుకుని తిడతాడమ్మాయ్. నా చేతిలో ఉంటే తిట్టేవాడుండడు."

అందుకే గుడిసెలో ఆ ఒక్క మాట అనలేదు. హేఫరూ నేనూ థార్న్‌లీ మీద పిచ్చి అనుకున్నాం. ఆయన చూసింది కంపెనీని కాదు, నిన్ను.

"వాడు ముద్ర తిరిగి ఇచ్చేశాడంటావా?" అని రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ ఆ వాక్యం మళ్లీ చదివాను. లేచి షెడ్డులోకి వెళ్లి ఆకురాయి తెచ్చుకున్నారు. ఈల వేస్తూ వెళ్లారు మెర్ల్, ఆయనకి ఈల వచ్చని నాకు తెలియదు. రెండు రోజులు కూర్చుని తూటా ఇరుక్కునే చోటు అరగదీశాం. ఆయన వేళ్లు బిగుసుకుపోతాయి కాబట్టి చిన్న స్క్రూలు నేను తిప్పాను. గురి మొన నిటారుగా నిలబెట్టాం. పది తూటాలు పేల్చాం. పది గుల్లలూ ఎగిరిపడ్డాయి, ఒకటి ఉతికిన బట్టల బుట్టలో.

శుక్రవారం మధ్యాహ్నం హేఫర్ వచ్చాడు. కోటు కింద ఏదో దాచుకుని, అటూ ఇటూ చూసుకుంటూ వంటగది తలుపు దగ్గరికే వచ్చాడు. కొత్త గ్రాంజర్! దానికీ స్క్రూలు వదులే, దానికీ సందే.

"ఓరిన్‌తో చెప్పకమ్మా, నీకు దణ్ణం పెడతా" అన్నాడు.

"విన్నాలే!" అని షెడ్డులోంచి మామయ్య. "మట్టిలో పాతి చూడు, సర్దుకుంటుందేమో!"

ఇద్దరూ కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వుకున్నారు. అప్పటి నుంచి ఇంకో మూడు వచ్చాయి, అన్నీ ఈ ఏడాదివే. క్లీట్ కూడా తన కొట్లో ఉన్నవాటిని అమ్మే ముందు ఇక్కడికి పంపుతానంటున్నాడు. "నా వేళ్లతో అయ్యే పని కాదు, నీ మొగుణ్ణి రమ్మను" అంటున్నారు మామయ్య.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న సీజను ఆఖరి రోజు. నీ ముద్ర ఉన్న తుపాకీతోనే మామయ్య మగజింకని కొట్టారు, ఒక్క తూటాతో. ఎనిమిది కొమ్మలు. అదే జింక అని ఆయన, కానే కాదని హేఫర్, ఇప్పటికీ తేలలేదు. సాయంత్రం గుడిసెలో అందరూ తింటుంటే నేను గరిటె పట్టుకుని లేచి నిలబడ్డాను. తొమ్మిదిమందీ నా ముఖంలోకే చూస్తున్నారు.

"గోడ మీది ముక్క మామయ్యది కాదు. ఆ గురి తప్పింది మా ఆయన, ఫ్యాక్టరీలో. చొక్కా ఆయనదే కత్తిరించాలి" అన్నాను.

హేఫర్ బల్ల గుద్ది, "ఈ అమ్మాయికి నోరుందర్రోయ్!" అని అరిచాడు. ఒప్పుకునేవాళ్లని చేతులెత్తమన్నారు. తొమ్మిదికి తొమ్మిది. మామయ్య చెయ్యి అందరికంటే ముందు లేచింది.

ముక్క దింపి, మామయ్య చొక్కాకి మళ్లీ కుట్టేశాను. వంకరగానే ఉంది, ఆయన అలాగే ఉండనీ అన్నారు. గోడ మీద మేకు ఖాళీగా ఉంది. టైపు మిషన్లు ఎవరైనా చేసుకుంటారు. ఇరవయ్యో తారీఖు సాయంత్రం బస్సు ఎక్కు.

నీకు పచ్చ గళ్ల ఉన్ని చొక్కా కుట్టాను. వెనక కొస ఒక జానెడు ఎక్కువ పెట్టాను, వాళ్లు ఎంత కత్తిరించినా నీ నడుముకి చలి తగలదు.

దారి చూస్తూ,
నీ
వెర్నా

తా.క. బోను తీసేశాను. మామయ్య షెడ్డులో కత్తెరకి సాన పడుతున్నారు, ఈల ఇక్కడికి వినిపిస్తోంది.