అన్నయ్య మూడో ప్రశ్న

అన్నయ్యకు,

నీ చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. నేనిక్కడ బాగానే ఉన్నాను, దగ్గు పూర్తిగా తగ్గింది. నువ్వూ వదినా చిన్నదీ కులాసాగా ఉన్నారని అనుకుంటూ మొదలుపెడుతున్నాను.

నీ ఉత్తరం అందింది. కవరు మీది రాత చూసి ఎవరిదో అనుకున్నాను. మొదటి వరుస చదివాక తెలిసింది, నువ్వు ఎడమచేత్తో రాశావని. వదిన చేత రాయించవచ్చు కదా! "మిషను తీసుకుపోయింది రెండు వేళ్ళే, బుర్ర కాదు" అని రాశావు. నవ్వాను. ఆ తరువాత ఏం చేశానో రాయను. కుట్లు విప్పారా? రాత్రిళ్ళు లేని వేళ్ళు నొప్పి పుడుతున్నాయన్నావు. డాక్టరు గారితో ఆ మాట తప్పకుండా చెప్పు, వేళాకోళంగా కాదు, మామూలుగా.

"ప్లీడరమ్మా, మూడు ప్రశ్నలు" అన్నావు. గెలిస్తేనే ఫీజు అంటున్న లాయరు గారు ఓడితే నిజంగా ఏమీ తీసుకోరా? ఆయనకు ఫోన్ చేసినా డబ్బులు పడతాయా? ఇంట్లోనే లాయరుండగా బయటివాళ్ళ కాళ్ళు పట్టుకోవడమెందుకు? మొదటి రెండూ నేను రోజూ చేసే పనికి సంబంధించినవి, ముందు అవి రాస్తాను. మూడోది చివర.

నేను రోజూ కోర్టులో లేచి వాదిస్తున్నానని మనింట్లో అందరికీ నమ్మకం. ఇంకా అక్కడిదాకా రాలేదన్నయ్యా. ఆఫీసు ముందుగదిలో, జిరాక్స్ మిషను పక్కన నా బల్ల. కొత్తగా వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మా సీనియర్ గారి ఫీజు ఎలా ఉంటుందో విడమరిచి చెప్పి, ఒప్పందం మీద సంతకం తీసుకోవాలి. "నువ్వు చెబితే వాళ్ళకి ఎక్కుతుందమ్మా" అంటారాయన. ఎక్కుతోందనే నేనూ అనుకునేదాన్ని.

ఫోన్ సంగతి ముందు చెబుతాను. కొందరు లాయర్లు గంటల లెక్కన తీసుకుంటారు. వాళ్ళతో రెండు మాటలు మాట్లాడినా అది లెక్కలోకి వస్తుంది. నీ లాయరు గారిది గెలుపు మీద ఫీజు గనక ఫోనుకు వేరే పడకపోవచ్చు, అయినా అడుగు. మా దగ్గర ఇస్త్రీ కొట్టు పెట్టుకున్న ఒకావిడ ఉంది. కొట్టు ఖాళీ చెయ్యమని ఇంటి యజమాని మీద పడుతుంటే వచ్చింది. పెద్దమనిషి కదా, ఫోన్ చేసినప్పుడల్లా సీనియర్ గారి ఆరోగ్యం, ఆయన భార్య మోకాళ్ళు, పిల్లాడి చదువు అన్నీ అడిగి అప్పుడు కేసులోకి వచ్చేది. బిల్లు వెళ్ళింది. మర్నాడే నా బల్ల ముందు నిలబడింది.

"ఏం తల్లీ, ఆయన పెళ్ళాం మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగినందుకు నాకు బిల్లా?"

"మొదటి రోజే చెప్పాను కదమ్మా, ఫోన్ మాటలు కూడా లెక్కేనని. మీరు ఊ అన్నారు."

"ఊ అన్నానా! వింటున్నానని ఊ కొట్టానే పిచ్చిదానా! కొట్టకపోతే చెప్పేదానికి చిన్నతనంగా ఉండదూ? చిన్నపిల్లవి, అంత కష్టపడి చెబుతున్నావని కొట్టాను."

లోపలికి వెళ్ళి సీనియర్ గారిని అడిగాను, మోకాళ్ళ వరకైనా తీసెయ్యమని. ఆయన చెడ్డవారు కాదు. కానీ "సంతకం ఉంది కదమ్మా. ఆవిడకి తీసేస్తే రేపు ఎవరికి తియ్యకూడదు?" అన్నారు. బయటికొచ్చి అదే మాట ఆవిడకు చెప్పాను. ఆవిడ ఈసారి ఊ అనలేదు. చెంగు ముడి విప్పి, ఉన్నదంతా నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి నేను ఫీజు గురించి చెప్పి, "ఇప్పుడు నేను చెప్పింది మీరు నాకు చెప్పండి" అని అడుగుతున్నాను. చాలామంది నవ్వుతారు. ఒకాయన "ఇదేం బడా?" అన్నాడు. నీ లాయరు గారు చెప్పినదానికల్లా నువ్వు కూడా ఊ కొట్టొచ్చానని రాశావు. వచ్చే వారం సంతకమన్నావు గనక ఇంకా మించిపోయింది లేదు. మళ్ళీ వెళ్ళు. ఆయన చెప్పింది నీ మాటల్లో ఆయనకే అప్పజెప్పు. ఎక్కడ తడబడితే అక్కడ ఆగి అడుగు. మనవాళ్ళకు ఫీజంటే బడి ఫీజే తెలుసు. కట్టేసి గేటు బయట నిలబడ్డమే, లోపల ఏం జరుగుతోందని అడగడం తెలియదు. లాయరును అడగొచ్చు.

ఏం అడగాలంటే, గెలిస్తేనే ఫీజన్నప్పుడు ఫీజు వేరు, ఖర్చులు వేరు. కోర్టుకు కట్టేది, డాక్టరు సర్టిఫికెట్లకయ్యేది, రానూపోనూ అయ్యేది, ఇవన్నీ ఖర్చులు. ఓడితే ఫీజు ఉండకపోవచ్చు, ఖర్చులు నీ నెత్తినే పడవచ్చు. అవి ఎవరు భరించాలో కాగితం మీద ఉండాలి. ఆయన వాటా నాలుగోవంతన్నావు. దేంట్లో నాలుగోవంతు? నష్టపరిహారం వంద వచ్చిందనుకో, ఖర్చులు ఇరవై. ముందు వాటా తీసి తరువాత ఖర్చులు తీస్తే నీకు మిగిలేది యాభై అయిదు. ముందు ఖర్చులు తీసి మిగిలిన ఎనభైలో వాటా తీస్తే నీకు అరవై. ఏది ముందో అడుగు. కోర్టు దాకా పోకుండా రాజీ అయితే అదీ గెలుపు కిందే లెక్కా? అప్పుడూ వాటా అంతేనా? అవతలివాళ్ళు పై కోర్టుకు వెళితే మళ్ళీ వేరే ఫీజా? మధ్యలో లాయరును మార్చుకుంటే ఏమివ్వాలి? అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడకు. మంచి లాయరైతే ఏమీ అనుకోరు. అనుకుంటే అది కూడా నీకు తెలిసినట్టే.

ఇక మూడో ప్రశ్న.

నీ ఉత్తరం రావడానికి ముందే మీ ఫ్యాక్టరీ ఓనరు మా ఆఫీసుకు వచ్చారన్నయ్యా. మా సీనియర్ గారే ఆయన లాయరు. నీకు రేపో ఎల్లుండో నోటీసు వస్తుంది. దాని మీద మా ఆఫీసు పేరుంటుంది. ఆ పేరు అక్కడ మొదటిసారి చూడకూడదని ఈ ఉత్తరం.

ఆయనెవరో నాకు తెలియదు. అందరికీ చెప్పినట్టే చెప్పాను. ఆయన ఒక్క ఊ కూడా కొట్టలేదు. ప్రతి వాక్యానికీ ఆపి, ఇదేమిటి, అదెందుకు అని అడిగారు. ఒక్కొక్కటీ ఓపిగ్గా చెప్పాను. "ఈ అమ్మాయి బాగా చెప్పింది" అని సీనియర్ గారి ముందు మెచ్చుకున్నారు కూడా. సంతోషమేసింది. తరువాత ఎదుటి పక్షం పేరు రాసుకోవడానికి అడిగాను. ఇంటిపేరుతో సహా నీ పేరు చెప్పారు. ఆయన చెప్పినవాటిలో ఇంతకంటే ఒక్క మాట కూడా నీకు రాయను.

ఆయన వెళ్ళాక సీనియర్ గారి దగ్గర నిలబడ్డాను.

"అతను మా అన్నయ్యండి."

"సొంత అన్నా?"

"ఆ ఫ్యాక్టరీలో పని చేసి నన్ను చదివించాడండి."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అయితే ఆ ఫైలు నువ్వు ముట్టుకోకు. ఓనరుకి నేను చెబుతాను."

"నేను మానేస్తానండి."

"మానేస్తే మాత్రం ఇక్కడ విన్నది చెవుల్లోంచి పోతుందా తల్లీ? బయటికెళ్ళినా మీ అన్న తరఫున నిలబడ్డానికి లేదు, చెప్పడానికి లేదు. నీ ఉద్యోగం పోతుంది, అంతే."

నీ ఉత్తరం అందాక మళ్ళీ ఆయన దగ్గరికి వెళ్ళాను. "లాయరు ఫీజు గురించైనా చెప్పుకోవచ్చా అండీ? ఉత్తరం రాశాడు."

ఆయన చదువుతున్న కాగితం పక్కన పెట్టారు. "ముందుగదిలో అందరికీ చెప్పేదే చెప్పు. ఆపైన ఒక్క ముక్క వద్దు."

అందుకే ఇన్ని పేజీలూ ఫీజులతో నింపాను. నేను చదివిన చదువంతటిలో నీకు ఇవ్వడానికి మిగిలింది ఇదొక్కటే. ఇకమీదట కేసు గురించి నాకు ఏమీ రాయకు. చెయ్యి ఎలా ఉందో రాయి, చిన్నదాని సంగతులు రాయి. కేసు సంగతి రాస్తే ఆ పేజీ చదవకుండా పక్కన పెట్టాల్సి వస్తుంది. నీ ఎడమచేతి రాతను చదవకుండా పక్కన పెట్టడం నా వల్ల కాదు. వదిన తిడుతుంది, తిట్టనీ. మనిషి చదువుకుంటే ఇలాగవుతుందా అని అమ్మ అంటుంది. అననీ.

ఇంకొక్క సంగతి. మా దగ్గర ఏ కేసయినా ముందు రెండు పక్షాలనూ ఆఫీసుకే పిలిచి మాట్లాడతారు. నువ్వు మీ లాయరుతో వస్తావు. అవతల ఓనరు గారుంటారు. తలుపు తీసేది నేనే. నీ చేతికేసి చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తాను. పుట్టి బుద్ధెరిగాక నిన్ను ఏనాడూ అనని మాట ఆరోజు అనాలి. నీ పేరు అడిగి, రాసుకుని, "మీరు కూర్చోండి" అంటాను. కూర్చో అన్నయ్యా.

ఇట్లు,
నువ్వు చదివించిన
నీ చెల్లెలు